అమ్మకానికి ముందు కారు మరమ్మతులు: ఏవి గిట్టుబాటు, ఏవి కావు

వాడిన కారును అమ్మడానికి గాని, కొత్త కారు కొనేటప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వడానికి గాని నిశ్చయించుకొన్న యజమాని, దానిలోని లోపాలలో వేటిని తన ఖర్చుతో సరిచేయించాలి, వేటిని ఉన్నవి ఉన్నట్లు చూపి ఆ మేరకు ధర తగ్గించుకోవాలి అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే అయినా, దాని జవాబు కారు వయసును, కొనేవారి స్వభావాన్ని, బీమా నిబంధనలను, రవాణా శాఖ కాగితాలను బట్టి మారిపోతుంది. సొంత వాడకానికి చేయించే మరమ్మతుకు ప్రతిఫలం ఆ తరువాతి ప్రయాణాలలో దొరుకుతుంది. అమ్మకం కోసం చేయించే మరమ్మతుకు ఆ అవకాశం లేదు కనుక, కొనేవారు పెట్టబోయే కోత దానివల్ల ఎంత తగ్గింది అన్నదొక్కటే లెక్కకు వస్తుంది. పదివేల రూపాయల పనితో ఇరవైవేల కోత తప్పితే ఆ మరమ్మతు గిట్టుబాటయినట్లు. అదే పదివేలకు ధర నాలుగువేలు మాత్రమే పెరిగితే మిగిలిన ఆరువేలు కొత్త యజమానికి కానుకగా ఇచ్చినట్లే.

తెలుగు రాష్ట్రాలలో పాత కారు ప్రధానంగా మూడు దారులలో చేతులు మారుతుంది. బంధువులకో, తోటి ఉద్యోగులకో, ప్రకటన చూసి వచ్చినవారికో యజమాని నేరుగా అమ్మడం మొదటిది. పట్టణాలలో ‘కార్ల కన్సల్టెన్సీ’ అన్న బోర్డు కింద నడిచే దుకాణాలకు ఇవ్వడం రెండవది. వీటిలో కొన్ని కారును సొంతంగా కొని నిలవ ఉంచుకొంటాయి, కొన్ని కమీషన్ మీద అమ్మిపెడతాయి. షోరూములో ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వడం, లేదా ఇంటికి మనిషిని పంపి తనిఖీ చేయించి ధర చెప్పే సంఘటిత సంస్థలకు అమ్మడం మూడవది. మారుతి సంస్థ 2001లో ట్రూ వాల్యూ పేరుతో వాడిన కార్ల వ్యాపారంలోకి దిగగా, కార్స్24, స్పిన్నీ వంటి అంతర్జాల ఆధారిత సంస్థలు 2015లో వచ్చాయి. కేంద్ర మోటారు వాహనాల నియమావళికి 2022 డిసెంబరులో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, రిజిస్టరయిన వాహనాలతో వ్యాపారం చేసే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికారపత్రం పొందాలని, వాహనం తమ చేతికి వచ్చిన సంగతిని నమోదు చేయించాలని నిర్దేశించింది. ఈ మూడు దారులలో దేనిని పట్టాలో తేల్చుకోకుండా మరమ్మతులు మొదలుపెట్టడం తొందరపాటే, ఎందుకంటే తలుపు మీది ఒకే గీత కన్సల్టెన్సీ వారికి లెక్కలోకి రాని విషయంగానూ, తొలి కారు కొనుక్కొంటున్న కుటుంబానికి బేరం మానుకోదగిన లోపంగానూ కనిపించవచ్చు.

కోత ఎలా పుడుతుంది

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన ‘ద మార్కెట్ ఫర్ లెమన్స్’ అన్న వ్యాసంలో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని, సరుకు గుణం అమ్మేవారికి తెలిసినంతగా కొనేవారికి తెలియని చోట మంచి సరుకుకు కూడా నాసిరకం ధరే పలుకుతుందని, దానితో మంచి సరుకు గలవారు బజారు నుంచి తప్పుకొంటారని వాదించాడు. పైకి బాగానే ఉండి లోపల రోగమున్న కారును అమెరికా వాడుకలో ‘లెమన్’ అంటారు. సమాచారంలోని ఈ హెచ్చుతగ్గుల మీద చేసిన పరిశోధనకు ఆయనకు, మరిద్దరికి కలిపి 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అమ్మకానికి ముందరి మరమ్మతులకు ఈ సిద్ధాంతంతో నేరుగా సంబంధముంది. ఏ లోపానికైనా కొనేవారు పెట్టే కోతలో రెండు పాళ్లుంటాయి: ఆ లోపాన్ని సరిచేయించడానికి అయ్యే ఖర్చు ఒకటి, ఆ లోపం వెనుక ఇంకేముందో అన్న అనుమానానికి వేసే వెల రెండవది. నాలుగు టైర్లు అరిగి ఉంటే కోత దాదాపుగా టైర్ల ధర మేరకే ఉంటుంది, ఎందుకంటే టైరు ధర అందరికీ తెలుసు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక దీపం వెలుగుతూ ఉంటే మాత్రం, దాని కారణం ఒక చిన్న సెన్సారే కావచ్చుగాని, కొనేవారు ఇంజిన్ మొత్తానికి భయపడి ధర చెబుతారు. అనుమానపు పాలు ఎక్కువగానూ, అసలు ఖర్చు తక్కువగానూ ఉన్న లోపాలనే అమ్మకానికి ముందు సరిచేయించడం గిట్టుబాటవుతుంది. తక్కిన వివరాలన్నీ ఈ సూత్రం నుంచి పుట్టేవే.

వ్యాపారి లెక్క ఇంకొక రకం. కారు చివరికి ఎంతకు అమ్ముడుపోతుందో అంచనా వేసుకొని, అందులోనుంచి బాగుచేయించే ఖర్చు, అమ్ముడయ్యేదాకా నిలవ ఉంచే ఖర్చు, పన్ను, తన లాభం తీసివేసి, మిగిలినదాన్ని యజమానికి ఇవ్వజూపుతాడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల డెంటర్లతోనూ పెయింటర్లతోనూ ఏడాది పొడుగునా పని చేయించుకొనే వ్యాపారికి ఒక తలుపు రంగుకు అయ్యే ఖర్చు, అధీకృత సర్వీసు సెంటరులో విడి ఖాతాదారు కట్టే బిల్లుకన్నా బాగా తక్కువ. కాబట్టి వ్యాపారికి అమ్మదలచిన కారుకు యజమాని చిల్లర ధరకు మరమ్మతు చేయించి, టోకు ధర మేరకే విలువ పెంచుకొంటాడు. ఆ తేడా అతని నష్టం. అయితే బేరంలో వ్యాపారి కోత పెట్టేది మాత్రం సర్వీసు సెంటరు ధరల ప్రకారమే గనుక, మరమ్మతు చేయించకపోయినా ఒకటి రెండు చోట్ల రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకొని దగ్గర ఉంచుకోవడం మేలు. క్లచ్‌కు ముప్పైవేలు అవుతుందని ఎదుటివారు అన్నప్పుడు పద్దెనిమిదివేల ఎస్టిమేట్ చేతిలో ఉండడం పని చేయించడంతో సమానమైన ఫలితమిస్తుంది, డబ్బు మాత్రం ఖర్చుకాదు.

షోరూము ఎక్స్‌ఛేంజ్‌లో పాత కారుకు కట్టిన ధర, తయారీదారు ఇచ్చే ఎక్స్‌ఛేంజ్ బోనస్, కొత్త కారు మీది తగ్గింపు అన్నవి మూడూ ఒకే అంకెగా కలిపి చెప్పడం పరిపాటి. వీటిని విడదీసి అడిగితే గాని, మరమ్మతువల్ల పాత కారు ధర నిజంగా పెరిగిందా, లేక ఎలాగూ వచ్చే బోనస్‌నే మళ్లీ చూపుతున్నారా అన్నది తేలదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు కొత్త కార్ల ధరలతోపాటు ఏడాది రెండేళ్ల వయసున్న కార్ల ధరలు కూడా దిగక తప్పలేదు; పాత కారు ధరకు కొత్త కారు ధరే పైకప్పు కనుక, ఆ పైకప్పు దిగిన కాలంలో మరమ్మతు ఖర్చు తిరిగిరావడం మరింత కష్టమవుతుంది. అమెరికాలోని తెలుగువారికి ఇక్కడ ఒక తేడా ఎదురవుతుంది: టెక్సస్ వంటి రాష్ట్రాలలో ట్రేడ్-ఇన్‌గా ఇచ్చిన కారు విలువను తీసివేసి మిగిలిన మొత్తం మీదే అమ్మకపు పన్ను వేస్తారు గనుక, నేరుగా అమ్మితే వచ్చే అదనపు ధరను ఆ పన్ను ఆదాతో పోల్చి చూడాలి. కాలిఫోర్నియాలో ఆ సౌకర్యం లేదు. భారతదేశంలోనూ కొత్త కారు జీఎస్టీని పూర్తి ధర మీదే లెక్కగడతారు.

రేకు పని, రంగు పని

అమ్మబోయే కారు యజమానికి మొదట తోచే పని రంగు వేయించడం. ఎక్కువ సందర్భాలలో అనవసరమైన పనీ అదే. దీనికి కారణం తనిఖీ పద్ధతిలో ఉంది. సంఘటిత సంస్థల మూల్యాంకకులు, అనుభవమున్న కన్సల్టెన్సీల వారు రంగు పొర మందాన్ని కొలిచే చేతి పరికరాన్ని వాడతారు. దాన్ని రేకుకు ఆనిస్తే పొర మందం మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులలో కనిపిస్తుంది. కంపెనీ వేసిన రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మళ్లీ వేసిన రంగు దానికి రెట్టింపు దాకా, కింద పుట్టీ పెట్టి నింపిన చోట అనేక వందల మైక్రాన్లు చూపుతుంది. ఎడమవైపు రెండు తలుపులు 120 దగ్గర, కుడివైపు వెనుక తలుపు 600 దగ్గర చూపినప్పుడు ఆ తలుపుకు దెబ్బ తగిలిందన్నది ఇక వాదించే విషయం కాదు. అంతటితో ఆగక బానెట్ ఎత్తి, ఫెండరును బాడీకి బిగించిన బోల్టుల తలలను చూస్తారు. వాటి మీది రంగు చెక్కుచెదరకుండా ఉంటే ఆ ఫెండరును ఎప్పుడూ విప్పలేదని, స్పానరు గీతలు పడి ఉంటే విప్పి బిగించారని అర్థం. తలుపు అంచు రబ్బరు బీడింగును కొంచెం లాగి, పిల్లర్ రేకుల మీద ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు చుక్కలు సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడడం, నాలుగు తలుపుల అద్దాల మీది తయారీ గుర్తులను సరిపోల్చడం కూడా ఈ తనిఖీలో భాగాలే.

ఈ పరీక్షకు నిలిచేది చిన్న నొక్కు ఉన్న కంపెనీ రంగే గాని, తళతళలాడే కొత్త రంగు కాదు. చిన్న నొక్కును చూసిన కొనుగోలుదారుకు దాని వెనుక ఏముందో కంటికి కనబడుతుంది. కొత్త రంగు చూసినవారికి దాని కింద ఏమి దాచారో అన్న ప్రశ్న పుడుతుంది. అందుచేత బానెట్, రూఫ్, డిక్కీ తలుపు, పిల్లర్ల వంటి భాగాలకు అమ్మకం కోసం రంగు వేయించడం చాలావరకు నష్టమే. బంపర్లు దీనికి మినహాయింపు. అవి ప్లాస్టిక్‌వి, సాధారణ పరికరంతో వాటి పొర మందం కొలవడం కుదరదు, నగర పార్కింగులో అవి గీసుకుపోతాయన్నది అందరూ ఎరిగినదే కనుక బంపరు రంగును ఎవరూ ప్రమాదపు ఆనవాలుగా పట్టించుకోరు. గీతలతో నిండిన ముందు బంపరుకు రంగు వేయించడం నేరుగా అమ్మేవారికి ధరలో కనిపించే లాభం. రంగు చిట్లకుండా పడిన సొట్టలను లోపలినుంచి నెట్టి సరిచేసే పెయింట్‌లెస్ డెంట్ పని దొరికిన నగరాలలో అదీ గిట్టుబాటే, కంపెనీ రంగు కంపెనీ రంగుగానే మిగులుతుంది గనుక. పసుపురంగుకు తిరిగిన హెడ్‌లైట్లను పాలిష్ చేయించడం, రబ్బింగు పాలిష్, సీట్లు రూఫ్ లైనింగు లోతుగా శుభ్రం చేయించడం అన్నవి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ పనులు. పొగాకు వాసన, నానిన మ్యాటు వాసన ఏ బిల్లులోనూ కనిపించకపోయినా బేరాన్ని తలుపు దగ్గరే ఆపేస్తాయి.

యంత్రభాగాలు

ఇంజిన్ పరీక్షకు మెకానిక్కుల దగ్గర పాతకాలపు పద్ధతి ఒకటి ఇప్పటికీ చెల్లుబాటవుతున్నది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి ఆ రంధ్రం మీదే ఉంచుతారు. మూత నెమ్మదిగా అదిరితే సరే, పొగతోపాటు ఎగిరెగిరి పడితే పిస్టన్ రింగుల సందుల్లోంచి దహన వాయువులు కిందికి దిగుతున్నాయని గ్రహిస్తారు. వర్క్‌షాపుల భాషలో దీన్ని ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. ఈ దశకు చేరిన ఇంజిన్‌కు అమ్మకం కోసం బోరు పని చేయించడం ఎట్టి పరిస్థితిలోనూ గిట్టదు: ఖర్చు భారీగా ఉంటుంది, పైగా ‘ఇంజిన్ విప్పిన బండి’ అన్న ముద్ర ఆ ఖర్చును ధరలోకి రానివ్వదు. గేర్‌బాక్సు విప్పే పని, టర్బో మార్పిడి, బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు మార్పిడి కూడా ఈ కోవలోనివే. వీటిని లోపంగా చెప్పి, ఎస్టిమేట్ చూపి, ధర తగ్గించి అమ్మడమే తెలివైన పని.

టాపిట్ కవరు ప్యాకింగు నుంచి ఆయిల్ చెమ్మ కారుతూ ఉండడం దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి. ప్యాకింగు చవక, మార్చడానికి సాధారణంగా ఎక్కువ సమయం పట్టదు, మార్చకపోతే మాత్రం బానెట్ ఎత్తిన ప్రతివారూ అక్కడే ఆగిపోతారు. స్పీడ్ బ్రేకర్ల మీద కటకటలాడే లింక్ రాడ్లు, అరిగిన లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఒకవైపు లాగే వీల్ అలైన్‌మెంట్ కూడా ఇటువంటివే. కొనేవారు కారు నడిపి చూసే పది నిమిషాలలో ముందు చెవికి, చేతికి తగిలేవి ఇవి గనుక చిన్న ఖర్చుతో పెద్ద అనుమానం తీరుతుంది. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతున్నప్పుడు కారణం తరచుగా స్టీరింగు కింది క్లాక్ స్ప్రింగు అనే చుట్టతీగ తెగడమే అవుతుంది; అది కాకపోయినా కారణమేమిటో స్కానరుతో తెలుసుకోవడం ముందుగా చేయవలసిన పని. స్కానరుతో కోడు చెరిపివేసి దీపం ఆర్పి తీసుకురావడం మాత్రం పనికిరాదు: కోడు చెరిపినప్పుడు కారు కంప్యూటరులోని స్వయంపరీక్షలు కూడా మొదటికి వస్తాయి, అవి పూర్తికాలేదని ఎదుటివారి స్కానరు చూపగానే ఆ ఉపాయం బయటపడుతుంది.

ఏసీ సంగతి తెలుగు ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసినది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఏసీ చల్లబడని కారును చూసినవారు తక్కినవేవీ చూడరు. కండెన్సరు మీది మట్టి కడిగించడం, క్యాబిన్ ఫిల్టరు మార్చడం, పైపు చేరిక దగ్గరి ఓ-రింగు మార్చి గ్యాస్ నింపడం వరకు ఖర్చు తిరిగివస్తుంది. డాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్ చిల్లుపడి, దానికోసం డాష్‌బోర్డు మొత్తం విప్పవలసి వస్తే లెక్క మారుతుంది. నేరుగా వేసవిలో అమ్మేవారికి అది గిట్టవచ్చు, ఎక్స్‌ఛేంజ్‌కు ఇచ్చేవారికి గిట్టదు. లీకు అలాగే ఉంచి, బేరం నాటికి చల్లగా ఉండేలా గ్యాస్ మాత్రం నింపి అమ్మడం మరమ్మతు కిందికి రాదు, మోసం కిందికి వస్తుంది.

టైర్ల విషయంలో చట్టం కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ లోతు కోరుతుంది. ఆ లోతు చేరినప్పుడు బయటపడే చిన్న దిమ్మెలు గాడులలోనే ఉంటాయి. ఆ గీతకు దిగిన టైర్లు రెండే ఉంటే ఆ రెండూ మార్చడం, నాలుగూ సగం దాకా ఉంటే వదిలివేయడం సమంజసం. టైరు పక్కగోడ మీది నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి కనుక 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని కొనేవారు చదివేస్తారు. పేరులేని చవక టైర్లు నాలుగు వేసి తెచ్చిన కారుకన్నా, సగం అరిగిన మంచి కంపెనీ టైర్లున్న కారుకే విలువ. బ్రేకు ప్యాడ్లు, బలహీనపడిన బ్యాటరీ మార్చడం ధర లెక్కతో ముడిపెట్టకూడని పనులు: కారు నడిపి చూడడానికి వచ్చిన మనిషి ప్రాణం ఆ బ్రేకుల మీదే ఉంటుంది, ఇక సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాని కారును ఎవరూ కొనరు.

సర్వీసు గడువు దాటి ఉంటే మామూలు ఆయిల్ సర్వీసు చేయించి రికార్డు తెగకుండా చూసుకోవడం మంచిది, ‘షోరూమ్ ట్రాక్’ అని వ్యాపారులు పిలిచే ఆ వరుస బిల్లుల దొంతర అనుమానపు కోతకు గట్టి విరుగుడు. అదే సందర్భంలో సర్వీసు సలహాదారు జాబితాలో కలిపే ఇంజెక్టర్ క్లీనింగు, అండర్‌బాడీ కోటింగు వంటివి అమ్మబోయే కారుకు అక్కరలేదు. తయారీదారు ప్రకటించిన రీకాల్ పనులు ఉచితం; 2021 ఏప్రిల్ నుంచి మోటారు వాహనాల చట్టంలోని 110-ఏ సెక్షను కింద లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి కూడా వచ్చింది. కారు చాసిస్ నంబరుతో అధీకృత సెంటరులో అడిగి పెండింగు రీకాల్ ఉంటే చేయించుకోవడంలో పైసా ఖర్చు లేదు.

బీమా క్లెయిమ్‌తో మరమ్మతు

అమ్మేముందు ఉన్న గీతలన్నీ బీమా మీద సరిచేయించుకొంటే చేతినుంచి డబ్బు పోదు గదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కాని దాని వెనుక నో క్లెయిమ్ బోనస్ లెక్క ఉంది. క్లెయిమ్ లేని వరుస సంవత్సరాలకు సొంత నష్టపు ప్రీమియం మీద 20, 25, 35, 45, 50 శాతాల చొప్పున పెరిగే ఈ రాయితీ కారుకు గాక యజమానికి చెందుతుంది. కారు అమ్మినప్పుడు బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకొని మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు దాన్ని వాడుకోవచ్చు. కారుతోపాటు పాలసీ కొన్నవారి పేరు మీదికి మారినా ఈ రాయితీ వారికి దక్కదు.

50 శాతం బోనస్ చేరిన ఒక యజమాని ముందు బంపరు రంగుకు 8,000 రూపాయల బిల్లును సాధారణ సమగ్ర పాలసీ మీద క్లెయిమ్ చేశాడనుకొందాం. రంగు బిల్లులో 25 శాతాన్ని సామగ్రి ఖర్చుగా పరిగణించి అందులో సగం తీసివేస్తారు, అంటే 1,000 పోతుంది. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని భరించవలసిన 1,000 కూడా పోతుంది. చేతికి వచ్చేది 6,000. ఇతడు కొనబోయే కొత్త కారు సొంత నష్టపు ప్రీమియం బోనస్ లేకుండా ఏటా 12,000 అని, అది మారకుండా ఉందని అనుకొంటే, 50 శాతం బోనస్‌తో ఏటా 6,000 కట్టవలసినవాడు క్లెయిమ్ తరువాత వరుసగా 12,000, 9,600, 9,000, 7,800, 6,600 కడతాడు. ఐదేళ్లలో అదనంగా పడే భారం 15,000 రూపాయలు. బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ ఉన్న పాలసీలలో తప్ప, చిన్న పనులకు క్లెయిమ్ వాడుకోవడం ఆరువేలకు పదిహేనువేలు చెల్లించడమే. పెద్ద ప్రమాదం తరువాత క్లెయిమ్ తప్పదు, ఆ మరమ్మతు చరిత్ర సర్వీసు రికార్డులో ఎలాగూ నిలిచిపోతుంది. అటువంటి కారుకు బిల్లులు, ఫొటోలు భద్రపరచి ముందుగానే చూపడం ధరను కొంతవరకు నిలబెడుతుంది.

కాగితాల మరమ్మతు

ఖర్చుకు తగ్గ ఫలితం దృష్ట్యా చూస్తే అన్నిటికన్నా ముందు చేయవలసిన మరమ్మతు స్పానరుతో పని లేనిది. అప్పు తీరిపోయినా ఆర్‌సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరు మిగిలిపోయిన కార్లు అసంఖ్యాకం. బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 దాఖలు చేసి ఆ పేరు తొలగించుకోనిదే యాజమాన్య బదిలీ ముందుకు సాగదు. పెండింగు చలాన్లు కట్టడం, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్లు చెల్లుబాటులో ఉంచడం, విడిగా బిగించిన సీఎన్‌జీ కిట్టు ఆర్‌సీలో నమోదై ఉందో లేదో చూసుకోవడం ఈ వరుసలోనివే. రెండవ తాళంచెవి లేకపోవడాన్ని కూడా ఇక్కడే చేర్చాలి: కొత్త చెవి చేయించే ఖర్చు చాలా మోడళ్లకు భరించదగినదే గాని, లేని చెవి ఎవరి దగ్గర ఉందో అన్న శంక కొనేవారిని వదలదు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు రాష్ట్రం లోపలి బదిలీ అయితే 14 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. దీనికి ఫారం 29, బదిలీ దరఖాస్తుకు ఫారం 30 వాడుకలో ఉన్నాయి. బదిలీ జరగని కారుతో ఆ తరువాత ఎవరు ప్రమాదం చేసినా ఆర్‌సీలో పేరున్న మనిషే యజమానిగా బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. విదేశ ప్రయాణం ఖాయమై వారం పది రోజులలో కారు వదిలించుకోవలసిన వారు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి విమానమెక్కడం హైదరాబాదులో అరుదు కాదు; అంత వ్యవధి లేనివారు మరమ్మతుల ఊసు మాని, బదిలీ పూర్తిచేసి రసీదు చూపే సంస్థకు కొంత తక్కువ ధరకైనా అమ్మడం క్షేమం.

దాచడానికి చేసే పనులు

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షను అడగని విషయం చెప్పకుండా ఊరకుండడాన్ని సాధారణంగా మోసంగా పరిగణించదు గాని, తెలిసిన విషయాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చడాన్ని మోసమనే అంటుంది. అటువంటి ఒప్పందాన్ని 19వ సెక్షను కింద కొన్నవారు రద్దు చేసుకోవచ్చు. చాసిస్ పగులును పుట్టీతో కప్పడం, హెచ్చరిక దీపం తీగ కత్తిరించడం, మీటరు తిప్పి కిలోమీటర్లు తగ్గించడం ఈ రెండవ కోవలో పడతాయి. మీటరు తిప్పినవారు 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద వంచన నేరారోపణకు కూడా గురికావచ్చు.

వరదలో మునిగిన కార్ల విషయంలో ఈ గీత చాలా సన్ననిది. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ కార్లు పెద్ద సంఖ్యలో నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా సంస్థ దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తుంది. దాటనివి కడిగి, ఆరబెట్టి మళ్లీ రోడ్డెక్కుతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చార, సీటు పట్టాల కింది తుప్పు, స్పేరు టైరు గుంటలోని ఒండ్రు వీటిని పట్టిస్తాయి. ఇటువంటి కారుకు కొత్త సీటు కవర్లు, కార్పెట్ వేయించడం మీద పెట్టిన ఖర్చు వృథా. వైరింగులో తరువాత బయటపడబోయే తుప్పుకు ఏ మరమ్మతూ హామీ ఇవ్వలేదు గనుక, మునిగిన సంగతి రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన ధరకు ఇచ్చివేయడమే దారి.

పదిహేనేళ్లకు చేరువైన కార్లు

సొంత వాడకపు కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలకు, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది. పదమూడు పద్నాలుగేళ్ల కారును కొనేవారు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకొంటారు కనుక దాని ధరలో మరమ్మతులకు చోటు మిగలదు. నమోదైన స్క్రాపింగు కేంద్రంలో అప్పగించి తీసుకొనే డిపాజిట్ సర్టిఫికెట్‌కు, కొత్త కారు మోటారు వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నియమాలు వీలు కల్పించాయి; రాష్ట్రం ఎంత ఇస్తున్నదో రవాణా శాఖలో విచారించి, తుక్కు ధరకు ఆ రాయితీని కలిపి, బజారు ధరతో పోల్చి చూడాలి. ఆ వయసు కారుకు బ్రేకులు, బ్యాటరీ, కాగితాలు తప్ప మరి దేనిమీదా డబ్బు పెట్టనక్కరలేదు.